పొరుగును ఎంచుకునే కణాలు: కీటకాల కంటి నిర్మాణంపై ఒక సమీక్ష

ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివినవాళ్లందరూ బొద్దింక కంటి బొమ్మ గీసే ఉంటారు. ఒక్కో కంటిలో సుమారు 2000 నేత్రాంశాలు. ఒక్కో నేత్రాంశానికి పైన కటకం, దాని కింద శంకువు, నడుమ రాబ్డోమ్, చుట్టూ వర్ణక కణాలు. పేర్లు సరిగా రాస్తే మార్కులు వస్తాయి. అసలైన ప్రశ్న మాత్రం ఆ బొమ్మలో కనిపించదు. ఇన్ని కణాలు, ఇన్ని వందలసార్లు, ఒక్క తేడా లేకుండా ఆ వరసలో ఎలా కూర్చున్నాయి? ఎవరి పక్కన ఎవరుండాలో వాటికి ఎవరు చెప్పారు?

యాభై ఏళ్లుగా జీవశాస్త్రవేత్తలు ఈ ప్రశ్న వెంట పడ్డారు. వాళ్లకు జవాబులు ఎక్కువగా దొరికింది బొద్దింకలో కాదు, డ్రోసోఫిలా అనే చిన్న ఎర్రకళ్ల ఈగలో. వేసవిలో పలాస తోటల్లో జీడిమామిడి పండ్లు కుళ్లే చోట, తాటికల్లు కుండల చుట్టూ ముసిరే చిన్న ఈగల జాతి ఇదే. మామిడి కాయను పొడిచి పాడుచేసే పండుఈగ వేరే కుటుంబానిది. కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే అతుకు ప్రోటీన్ల గురించి ఈ ఈగ కన్ను నేర్పిన పాఠాలను ఒకచోట చేర్చి, వాటిలో ఏది తేలింది, ఏది తేలలేదు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉన్న మనకు ఇందులో పనికొచ్చేది ఏమిటి అని చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

కంటి లెక్క

డ్రోసోఫిలా కంటిలో దాదాపు 750 నుంచి 800 నేత్రాంశాలు ఉంటాయి. ప్రతి నేత్రాంశంలో ఎనిమిది కాంతిగ్రాహక కణాలు, వాటిపై నాలుగు శంకు కణాలు, వాటిని రెండు పక్కలా కమ్ముకున్న రెండు ప్రాథమిక వర్ణక కణాలు. వీటి చుట్టూ ఆరు భుజాల గోడ. భుజానికో ద్వితీయ వర్ణక కణం చొప్పున ఆరు. మూలల్లో ఒకదాంట్లో తృతీయ వర్ణక కణం ఉంటే తరవాతి దాంట్లో సన్నని రోమం. ఈ గోడ ఏ ఒక్క నేత్రాంశానిదీ కాదు, పక్కనున్నవాటితో ఉమ్మడి. అందుకే ఒక్క కణం ఎక్కువైనా తక్కువైనా ఆ తప్పు పక్కవాటికీ పాకుతుంది. కంటి ఉపరితలం గరుకుగా మారుతుంది. మామూలు స్టీరియో మైక్రోస్కోప్ కింద కూడా ఆ గరుకుదనం కనిపిస్తుంది. ఈ ఈగ కన్ను పరిశోధకులకు ఇంత ప్రియమైన వస్తువు కావడానికి పెద్ద కారణం ఇదే. కళ్లు పాడైనా సీసాలో ఈగ బతుకుతుంది, పిల్లల్ని కంటుంది. తప్పు ఎక్కడుందో దాని కన్నే చూపిస్తుంది.

1976లో డొనాల్డ్ రెడీ, థామస్ హాన్సన్, సీమోర్ బెంజర్ ఒక కీలకమైన సంగతి తేల్చారు. ఒక నేత్రాంశంలోని కణాలన్నీ ఒకే తల్లి కణం సంతానం కావు. వంశం కాదు, చోటే కణం బతుకును నిర్ణయిస్తోంది. పక్కన ఎవరున్నారన్నదే దాని భవిష్యత్తు. డింభకం తలలో కన్నుగా మారబోయే పలచని కణపొర ఒకటుంటుంది. మూడో దశలో ఆ పొర మీద వెనక నుంచి ముందుకు ఒక గాడి కదులుతుంది. గాడి దాటిన చోటల్లా కణాలు గుంపులు కడతాయి. మొదట ఎనిమిదో నంబరు కణం, తరవాత 2, 5, ఆపైన 3, 4, పిమ్మట 1, 6, చివరకు 7. ఆ తరవాత శంకు కణాలు, ప్యూపా దశలో వర్ణక కణాలు చేరతాయి. ఇలా ఒక్కొక్క కణమూ పక్కదాన్ని పిలుచుకుంటూ పోతుంది. పిలుపు అందాలంటే పక్కపక్కన ఉండాలి, ఉండాలంటే పట్టుకోవాలి. అతుకు ప్రోటీన్ల కథ ఇక్కడే మొదలవుతుంది.

జిగురు అన్న పాత ఊహ

కణాలకు తమవాళ్లను గుర్తుపట్టే గుణం ఉందని చాలాకాలంగా తెలుసు. 1907లో హెచ్.వి. విల్సన్ స్పంజికను గుడ్డలోంచి పిండి కణాలుగా విడగొడితే, అవి మళ్లీ కూడి స్పంజిక అయ్యాయి. 1955లో టౌన్స్, హోల్ట్‌ఫ్రెటర్ ఉభయచరాల పిండం నుంచి రకరకాల కణాలను తీసి కలిపేస్తే, అవి తమంతట తామే విడివడి ఏ పొరకు ఆ పొరగా చేరాయి. 1960ల్లో మాల్కమ్ స్టైన్‌బర్గ్ దీనికి భౌతికశాస్త్రపు వివరణ ఇచ్చారు. నూనె, నీళ్లు విడిపోయినట్టే, ఎక్కువ గట్టిగా అంటుకునే కణాలు లోపలికి, తక్కువ అంటుకునేవి బయటికి చేరతాయన్నారు. 1980ల్లో జపాన్‌లో మసతోషి తకెయిచి బృందం ఆ అంటుకునే పదార్థాన్ని పట్టుకుంది. కాల్షియం ఉంటేనే పనిచేసే ఆ ప్రోటీన్లకు క్యాడెరిన్లు అని పేరు పెట్టారు.

క్యాడెరిన్ కణత్వచాన్ని చీల్చుకుని అటూ ఇటూ ఉంటుంది. బయటి చెయ్యి పొరుగు కణంలోని తన జాతి క్యాడెరిన్‌ను పట్టుకుంటుంది. లోపలి కొస క్యాటెనిన్లు అనే ప్రోటీన్ల ద్వారా ఆక్టిన్ తీగలకు తగులుకుని ఉంటుంది. ఆ తీగలను మయోసిన్ లాగుతుంది. అంటే క్యాడెరిన్‌కు రెండు కొసలు, రెండు పనులు. బయట పట్టు, లోపల లాగుడు. తొలి రోజుల్లో అందరి చూపూ బయటి పట్టు మీదే నిలిచింది. ఎంత క్యాడెరిన్ ఉంటే అంత జిగురు అనుకున్నారు. డ్రోసోఫిలాలో ఇ-క్యాడెరిన్ జన్యువు షాట్‌గన్ అని 1996లో తేలింది. మరుసటి ఏడాది ఎన్-క్యాడెరిన్ దొరికింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటానికి కంటికి మించిన చోటు లేదు.

నాలుగు శంకు కణాలు, ఒక వాదం

కంటిలోని కణాలన్నిటికీ ఇ-క్యాడెరిన్ ఉంటుంది. ఎన్-క్యాడెరిన్ మాత్రం వర్ణక కణాల్లో ఉండదు, నాలుగు శంకు కణాల్లో ఉంటుంది. 2004లో తకాషి హయాషి, రిచర్డ్ కార్త్యూ ఒక గొప్ప పరిశీలన ప్రచురించారు. నాలుగు శంకు కణాలు కూడిన తీరు నాలుగు సబ్బు బుడగలు కూడిన తీరుతో సరిపోలింది. శంకు కణాల సంఖ్య ఒకటి నుంచి ఆరు దాకా మారిపోయే ఉత్పరివర్తిత ఈగల్లో కూడా, అన్నేసి బుడగలు ఏ ఆకారంలో కూడుతాయో కణాలూ ఆ ఆకారంలోనే కూడాయి. ఎన్-క్యాడెరిన్ తీసేస్తే ఆ పొందిక చెదిరింది. ఒక కణజాలం తన ఉపరితల వైశాల్యాన్ని వీలైనంత తగ్గించుకునే భౌతిక నియమాన్నే పాటిస్తోందన్నమాట. స్టైన్‌బర్గ్ ఊహకు బతికున్న జీవిలో నిలువెత్తు సాక్ష్యం దొరికినట్టయింది.

అయితే కణం బుడగ కాదు. బుడగ పొరలో తన్యత అంతటా ఒక్కటే. కణం పొర కింద మయోసిన్ ఉంది, అది ఒక్కో వైపు ఒక్కోలా లాగగలదు. 2007లో కేఫర్, హయాషి, మారే, కార్త్యూ, గ్రానర్ కంప్యూటర్ నమూనాలతో ఈ కణాల రూపాలను మళ్లీ లెక్కకట్టారు. అతుకు ఒక్కటే చాలదని, కణం అంచుల సంకోచాన్ని కూడా కలిపితేనే లెక్క కుదురుతుందని తేల్చారు.

2017లో ఫ్రాన్స్‌లోని లెన్ బృందం చేసిన పని ఈ వాదాన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. శంకు కణాల ఆకారానికి క్యాడెరిన్ పట్టు తాలూకు బలం కన్నా లోపలి సంకోచ బలమే ముఖ్యమని వాళ్లు చూపించారు. మరి ఎన్-క్యాడెరిన్ పని ఏమిటి? రెండు శంకు కణాలు కలిసే చోట రెండు వైపులా ఎన్-క్యాడెరిన్ జతపడి అక్కడ మయోసిన్ లాగుడును తగ్గిస్తుంది. శంకు కణం వర్ణక కణాన్ని తాకే చోట ఎన్-క్యాడెరిన్‌కు జత దొరకదు. జత లేని ఆ ప్రోటీన్ మయోసిన్‌ను తన వైపు పోగేస్తుంది, ఆ అంచు బిగుసుకుంటుంది. ఇలా ఒకే ప్రోటీన్, ఎదుట ఎవరున్నారో చూసి, ఒక చోట సడలింపు, ఇంకో చోట బిగింపు తెస్తోంది.

ఈ రంగంలో నేను అన్నిటికన్నా ముఖ్యమైనదిగా భావించే ఫలితం ఇదే. అతుకు ప్రోటీన్‌ను జిగురుగా చూసినంతకాలం దాని పరిమాణం మీదే మన చూపు. పొరుగును గుర్తించి లోపలి బలాలకు ఆనతి ఇచ్చే ప్రోటీన్‌గా చూసినప్పుడు, ఎవరు ఎవరిని తాకుతున్నారన్నది అసలు ప్రశ్న అవుతుంది. కంటిలో మిగతా సంగతులన్నీ ఈ వెలుగులో చదువుకోవచ్చు.

గోడ కట్టే జంట

ప్యూపా దశ మొదట్లో నేత్రాంశాల మధ్య కణాలు రెండు మూడు వరసల్లో గజిబిజిగా పడి ఉంటాయి. కొన్ని గంటల్లో అవే ఒంటివరస గోడగా మారాలి. 2005లో సుజిన్ బావో, రాస్ కేగన్ దీని వెనక ఉన్న రెండు ప్రోటీన్లను చూపించారు. ప్రాథమిక వర్ణక కణాల్లో హిబ్రిస్, గోడ కణాల్లో రఫెస్ట్. హిబ్రిస్ తన జాతిని కాదు, రఫెస్ట్‌ను పట్టుకుంటుంది. రఫెస్ట్‌కూ తోటి గోడ కణం కన్నా ఎదుటి హిబ్రిస్ కణమే ఎక్కువ ఇష్టం. పెళ్లిపందిట్లో ఆడపెళ్లివారిలో ప్రతివారూ మగపెళ్లివారితో ముఖాముఖి పలకరించాలనుకుంటే ఒకరి వెనక ఒకరు నిలబడటం కుదరదు, అందరూ ఒక్క వరసలోకి రావాల్సిందే. గోడ కణాలూ సరిగ్గా అలాగే హిబ్రిస్ కణానికి తగిలే చోటు కోసం జరిగి జరిగి ఒంటివరస అవుతాయి.

వరస కుదిరాక మిగిలినవాటికి చోటు లేదు. గోడ కణాల్లో దాదాపు మూడో వంతు చనిపోతాయి. 1991లో టాన్యా వోల్ఫ్, డొనాల్డ్ రెడీ ఈ మరణాలను జాగ్రత్తగా గమనించి రాశారు. రఫెస్ట్ జన్యువు చెడిన కొన్ని ఈగల్లో వరసా కుదరదు, చావాల్సిన కణాలూ చావవు. కన్ను గరుకవుతుంది, ఆ జన్యువు పేరు కూడా దాన్నే చెబుతోంది. ఎవరి పక్కన చోటు దొరికిందన్నదే ఇక్కడ ఎవరు బతుకుతారన్నది కూడా తేలుస్తోంది. శంకు కణాలు, ప్రాథమిక వర్ణక కణాల నుంచి వచ్చే బతుకు సంకేతం వాటిని తాకే కణాలకు అందుతుంది. అతుకు, సంకేతం ఒకే తాడు రెండు పేటలని ఈ గోడ నేర్పింది. ఎకినాయిడ్ అనే మరో అతుకు ప్రోటీన్ పెరుగుదల సంకేతాలను నేరుగా అదుపు చేస్తుందని 2001లో వచ్చిన పరిశోధన కూడా ఇదే చెప్పింది.

దిక్కు తెలిసిన కణాలు

ఈగ కంటికి నడిమిన ఒక రేఖ ఉంది. దానికి పైన ఉన్న నేత్రాంశాలు ఒక దిక్కుకు, కింద ఉన్నవి అద్దంలో ప్రతిబింబంలా ఎదుటి దిక్కుకు తిరిగి ఉంటాయి. ప్రతి గుంపూ పుట్టిన చోటే 90 డిగ్రీలు తిరిగి ఆ స్థితికి వస్తుంది. ఏ వైపు తిరగాలో మూడో, నాలుగో కాంతిగ్రాహక కణాల మధ్య తేలుతుంది. అక్కడ ఫ్యాట్, డాక్సస్, ఫ్లెమింగో అనే మూడు పెద్ద క్యాడెరిన్లు పనిచేస్తాయి. ఫ్యాట్ ఒక కణంలో, డాక్సస్ పక్క కణంలో ఉండి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కన్నంతా వీటి హెచ్చుతగ్గులు పరచుకుని దిక్కు చూపుతాయని 2002 ప్రాంతంలో తేలింది. ఫ్లెమింగో అటూ ఇటూ రెండు కణాల్లోనూ ఉండాలి. 1999లో తదాషి ఉఎమురా బృందం దాన్ని కనిపెట్టింది.

తిరిగేటప్పుడు కణాల గుంపు పాత పొరుగును వదిలి కొత్త పొరుగును పట్టుకోవాలి. అక్కడ ఇ-క్యాడెరిన్, ఎన్-క్యాడెరిన్ రెండూ తగిన పాళ్లలో ఉండాలి. అంటే పట్టుకోవడం ఎంత అవసరమో, సమయానికి వదలడమూ అంతే అవసరం. ఇక కింది పొరకు కణాలను పట్టి ఉంచేవి ఇంటెగ్రిన్లు. అవి లేకపోతే పైనుంచి చూస్తే సక్రమంగా కనిపించిన కన్ను లోతులో కుంగిపోతుంది. నేత్రాంశం ఒక పొడవాటి స్తంభం కాబట్టి, అడుగు పట్టు లేనిదే నిలువు నిలవదు.

వెలుతురును తట్టుకునే అతుకు

కాంతిగ్రాహక కణంలో వెలుతురును పట్టే భాగం రాబ్డోమియర్. వేలకొద్దీ సన్నని పోగులు ఒత్తుగా పేర్చినట్టు ఉంటుంది. ఆ పోగులను ఒకదానితో ఒకటి అంటించేది కయాప్టిన్. దాని కథ పరిశోధనా పద్ధతికి మంచి పాఠం. బెంజర్ ప్రయోగశాలలో తయారైన ప్రతిరక్షకాల్లో 24బి10 అనేది కాంతిగ్రాహక కణాలకు మాత్రమే అంటుకుంది. ఆ ప్రతిరక్షకం నుంచి వెనక్కి నడిచి 1985లో లారెన్స్ జిపుర్‌స్కీ, టి.ఆర్. వెంకటేశ్, బెంజర్ జన్యువును చేరుకున్నారు. 1990లో క్రాంట్జ్, జిపుర్‌స్కీ అది అతుకు ప్రోటీనే అని రుజువు చేశారు. ఈనాటికీ ప్రపంచమంతటా ఈగ కంటి ప్రయోగశాలల్లో 24బి10 వాడుకలో ఉంది.

ఈగ కంటిలో ఒక్కో రాబ్డోమియర్ విడివిడిగా నిలబడుతుంది, మధ్యలో ఖాళీ ఉంటుంది. తేనెటీగలోనూ దోమలోనూ అవి కలిసిపోయి ఒకే కడ్డీలా ఉంటాయి. ఈ తేడా ఎక్కడిది? 2006లో ఆండ్రూ జెల్‌హోఫ్, చార్లెస్ జుకర్ బృందం జవాబు చెప్పింది. కాంతిగ్రాహక కణాలు స్పేస్‌మేకర్ అనే ప్రోటీన్‌ను మధ్య ఖాళీలోకి వదులుతాయి. ఐస్ షట్ అన్నా అదే. పోగుల మీదుండే ప్రొమినిన్‌తో కలిసి అది రాబ్డోమియర్లను దూరం పెడుతుంది. దాన్ని తొలగిస్తే ఈగ కన్ను కూడా మూసుకుని, తేనెటీగ కన్ను పోలికకు వస్తుంది. కయాప్టిన్ కలుపుతుంది, స్పేస్‌మేకర్ విడదీస్తుంది. ఈ రెండు ఎదురు బలాల తూకంలోనే కంటి రూపం ఉంది. కీటకాల కళ్లలోని వైవిధ్యం కొంతైనా అతుకు తూకంలోని మార్పుల వల్ల వచ్చిందని దీన్నిబట్టి చెప్పవచ్చు.

క్రమ్స్ అనే మరో ప్రోటీన్‌ను కచ్చితంగా చెబితే అతుకు ప్రోటీన్ అనలేం. కణానికి పై కొస ఏదో, కింది కొస ఏదో నిర్ణయించేది అది. కాని కణాలను కలిపే అతుకుల పట్టీని సరైన చోట నిలబెట్టేదీ అదే. 1990లో ఉల్రిక్ టెపాస్, ఎలిజబెత్ క్నుస్ట్ బృందం దాని జన్యువును వివరించింది. క్రమ్స్ లేని కాంతిగ్రాహక కణాల్లో అతుకుల పట్టీ ముక్కలవుతుంది, రాబ్డోమియర్ పొట్టిదవుతుంది. ఎడతెగని వెలుతురులో ఉంచితే ఆ కణాలు క్షీణించిపోతాయి. కన్ను కట్టడానికే కాదు, కట్టిన కన్ను నిలవడానికీ ఈ ప్రోటీన్ల కుటుంబం అవసరమని 2002లో వచ్చిన మూడు పరిశోధనలు చూపించాయి.

మెదడుకు దారి

కంటి కణం ఆక్సాన్ మెదడులో సరైన గూటికి చేరకపోతే చూపు లేదు. ఈగలో ఒకే బిందువును చూసే ఆరు కాంతిగ్రాహక కణాలు ఆరు వేర్వేరు నేత్రాంశాల్లో ఉంటాయి. వాటి ఆక్సాన్లు మెదడు దృష్టి భాగాల్లో మొదటిదాంట్లో ఒకే గూటిలో కలవాలి. ఇక్కడా ఎన్-క్యాడెరిన్, ఫ్లెమింగో కావాలి. ఏ ఆక్సాన్ పక్కన ఏది ఉంది, వాటిలో ఏ క్యాడెరిన్ ఎంత ఉంది అన్నదాన్నిబట్టే కొస తిరిగే దిక్కు తేలుతుందని 2013లో థామస్ క్లాండినిన్ బృందం చూపించింది. ఆ తరవాతి మెదడు భాగంలో ఏడో కణం ఆక్సాన్ ఆరో పొరకు, ఎనిమిదో కణానిది మూడో పొరకు వెళ్లాలి. ఎన్-క్యాడెరిన్ లేకపోతే ఏడో కణం మూడో పొరకు వెనక్కి జారిపోతుంది. డిస్కామ్1 అనే జన్యువు నుంచి ప్రత్యామ్నాయ కత్తిరింపుల ద్వారా 38,016 రూపాల ప్రోటీన్లు రాగలవని 2000లో తెలిసింది. ఒకే కణం కొమ్మలు తనవాటిని తాము గుర్తించి పక్కకు తొలగడానికి ఈ వైవిధ్యం ఉపయోగపడుతుంది. ఇక్కడ గుర్తింపు ఫలితం పట్టుకోవడం కాదు, వదిలేయడం.

మన కళ్లు, మన కిడ్నీలు

ఈగ కంటితో మనకేం పని అన్న ప్రశ్నకు రెండు గట్టి జవాబులున్నాయి.

మొదటిది కళ్లు. క్రమ్స్‌కు మనిషిలో సాటి జన్యువు సీఆర్‌బీ1. దానిలో లోపం ఉంటే రెటినైటిస్ పిగ్మెంటోసా, పుట్టుకతోనే చూపు దెబ్బతినే లెబర్ వ్యాధి వస్తాయని 1999 నుంచి తెలుస్తూ వచ్చింది. స్పేస్‌మేకర్‌కు సాటి జన్యువు ఈవైఎస్. అది కూడా రెటినైటిస్ పిగ్మెంటోసాకు కారణమని 2008లో తేలింది. పరిశోధనల్లో మామూలుగా వాడే ఎలుకకు ఈ జన్యువు లేదు, ఈగకు ఉంది. చూపు, వినికిడి రెండూ పోయే అషర్ వ్యాధి రకాల్లో కొన్నిటికి క్యాడెరిన్ జన్యువులే మూలం. ఇవన్నీ ఎక్కువగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడిన ప్రతులు వచ్చినప్పుడు బయటపడే జబ్బులు. తెలుగునాట తరతరాలుగా మేనరికాలు జరుగుతున్న కుటుంబాల్లో ఈ అవకాశం పెరుగుతుంది. ఒక ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రేచీకటి ఉంటే, అది విటమిన్ లోపమే అనుకుని వదిలేయకుండా జన్యు పరీక్ష, సలహా కోసం వెళ్లాలి. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థకు విశాఖపట్నంలోనూ ప్రాంగణం ఉంది. రెటీనా జన్యువ్యాధుల మీద ఆ సంస్థ ఏళ్లుగా పరిశోధిస్తోంది.

రెండోది కిడ్నీలు. ఈగ కంటిలో గోడ కట్టిన హిబ్రిస్, రఫెస్ట్ జంటకు మనిషిలో సాటి జంట నెఫ్రిన్, నెఫ్1. మన మూత్రపిండంలో రక్తాన్ని వడగట్టే సన్నని చీలికల్లో ఇవి జల్లెడలా అల్లుకుని ఉంటాయి. 1998లో కార్ల్ ట్రిగ్‌వాసన్ బృందం నెఫ్రిన్ జన్యువును కనిపెట్టింది. అది చెడిన పిల్లలకు పుట్టుకతోనే మూత్రంలో ప్రోటీన్ విపరీతంగా పోతుంది. 2009లో హెలెన్ వీవర్స్, మరికొందరు ఈగలోని నెఫ్రోసైట్లు అనే వడపోత కణాల చీలికల్లోనూ ఇదే కుటుంబపు ప్రోటీన్ల జంట ఉందని చూపించారు. కంటి గోడలోనూ, మూత్రపిండపు జల్లెడలోనూ ప్రకృతి ఒకే కుటుంబపు జంటను వాడుకుంది.

కిడ్నీ మాట వస్తే శ్రీకాకుళం జిల్లా వాళ్లకు ఉద్దానమే గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ప్రాణాలు తీస్తోంది. సర్వేల్లో పెద్దవాళ్లలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ పనితీరు దెబ్బతిన్నట్టు కనిపించింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. ఇక్కడ ఒక్క మాట నిక్కచ్చిగా చెప్పాలి. ఉద్దానం జబ్బులో మొదట దెబ్బతినేది నెఫ్రిన్ జల్లెడ కాదు, మూత్రనాళికలు, వాటి మధ్య కణజాలం. అందుకే అక్కడి రోగుల్లో చాలామందికి మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, జబ్బు ముదిరేదాకా తెలియదు. కాబట్టి నెఫ్రిన్ కథే ఉద్దానం కథ అని ఎవరైనా అంటే నమ్మకూడదు. అయినా ఈగ ఇక్కడ పనికొస్తుంది. ఈగలో మాల్పీజియన్ నాళికలు మన మూత్రనాళికల పనినే చేస్తాయి. కిడ్నీ రాళ్ల పరిశోధనలో వాటిని ఇప్పటికే వాడుతున్నారు. జబ్బుకు కారణమని అనుమానం ఉన్న నీటినో, పురుగుమందునో, లోహాన్నో ఈగ ఆహారంలో కలిపి నాళికలకు, నెఫ్రోసైట్లకు ఏమవుతుందో కొన్ని వారాల్లో చూడవచ్చు. అది తుది తీర్పు కాదు. కాని పది అనుమానాల్లో ముందు దేని వెంట పడాలో చెప్పగల తొలి వడపోత.

ఇంకా తేలనివి

మొదటిది, ప్రోటీన్ల భారీ పట్టిక ఉంది గాని, ఒక్కొక్కటి ఎంత బలం పుట్టిస్తుందో బతికున్న కంటిలో కొలిచిన లెక్కలు కొద్దిగానే ఉన్నాయి. 2017 నాటి పని శంకు కణాల గురించి చెప్పింది. గోడ కణాల్లో హిబ్రిస్, రఫెస్ట్ లోపలి మయోసిన్‌కు ఏం చెబుతున్నాయో అంత స్పష్టంగా తెలియాలి.

రెండోది, చాలా అతుకు ప్రోటీన్లలో ఒక్కదాన్ని తీసేస్తే కంటికి పెద్ద నష్టం కనిపించదు. ఒకటి లేకపోతే మరొకటి ఆ పని చేస్తుంది. రెండేసి, మూడేసి జన్యువులు కలిపి తీసేసే ప్రయోగాలు ఇంకా చాలా జరగాలి.

మూడోది, తెలిసినదంతా దాదాపుగా ఒక్క ఈగ జాతి నుంచే తెలిసింది. తేనెటీగ, దోమ, సీతాకోకచిలుక, వరి పొలంలోని దోమపోటు పురుగు కళ్లు ఎలా అల్లుకుంటాయో చాలా తక్కువ తెలుసు. సీతాకోకచిలుక నేత్రాంశంలో తొమ్మిది కాంతిగ్రాహక కణాలుంటాయి. ఆ అదనపు కణానికి పొరుగువాళ్లు ఎలా చోటిస్తారు? మన పొలాల్లో, తోటల్లో తిరిగే పురుగుల మీద అడగాల్సిన ప్రశ్న ఇది.

మన కళాశాలలు చేయగల పని

ఈ రంగం సారం నా దృష్టిలో ఇది. కణాల అతుకు అంటే గుర్తింపు. ఎదుట ఎవరున్నారో గుర్తించి, లోపలి బలాలను మార్చుకుని, అవసరమైతే వదిలేయడం కూడా అందులో భాగమే. ఈ సంగతి తేల్చిన ప్రయోగాల్లో కొన్నిటికి ఖరీదైన యంత్రాలు కావాలి, నిజమే. కాని వాటి పునాది గరుకు కన్నును కళ్లారా చూసి, ఎందుకు గరుకైందని అడగటం. దానికి మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్టు, అగర్, గాజు సీసాలు, ఒక స్టీరియో మైక్రోస్కోప్ చాలు. 25 డిగ్రీల దగ్గర గుడ్డు పది రోజుల్లో ఈగ అవుతుంది. ఒక్క సెమిస్టరులో విద్యార్థి అనేక తరాల సంకరణాలు చూడగలడు. ఈగల రకాలు బెంగళూరు, మైసూరు కేంద్రాల్లో దొరుకుతాయి. హైదరాబాద్ సీసీఎంబీలో ఈగల మీద పనిచేసిన అనుభవం దశాబ్దాలుగా ఉంది.

ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలో 2019లో మొదలైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, నైర వ్యవసాయ కళాశాల, విజయనగరం మహారాజా కళాశాల వంటి చోట్ల జంతుశాస్త్ర అధ్యాపకులకు నాది ఒక విన్నపం. బొద్దింక బొమ్మను గీయించడంతో ఆగవద్దు. ప్రతి విభాగంలో ఒక ఈగల గది పెట్టండి. పలాస పరిశోధన కేంద్రంతో చేతులు కలిపి ఉద్దానం నీటిని, మట్టిని ఈగ నాళికల మీద పరీక్షించే పని మొదలుపెట్టండి. ఆ పనిలో చేరే విద్యార్థుల్లో ఉద్దానం ఊళ్ల పిల్లలు కూడా ఉండేలా చూడండి. ఆ జబ్బు ఎందుకొస్తోందన్న ప్రశ్నకు జవాబు అందరికన్నా ఎక్కువగా కావలసింది వాళ్లకే.